తల్లిని చూసి పిల్లను...

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోవాలన్నారు మన పెద్దలు. బర్రె సంగతి నాకు తెలియదు గాని, ఈ సామెతలో తల్లి సంగతి మాత్రం నాకు ఏనాడూ మింగుడు పడలేదు. పిల్లవాడు చక్కగా చదివి ఉద్యోగం తెచ్చుకుంటే 'అంతా తండ్రి పోలిక' అంటారు. చెట్టెక్కి కాలు విరగ్గొట్టుకుంటే 'తల్లి పెంపకం అట్లా ఉంది' అంటారు. ఈ లెక్క ఎవరు రాశారో గాని తరతరాలుగా చెల్లుబాటు అవుతూనే ఉంది. పోనీ, చదువు లేనివాళ్ళ మాటలని సరిపెట్టుకుందామా అంటే అదీ లేదు. ఇదే సామెతకు కోటూ బూటూ తొడిగి, ఇంగ్లీషు పుస్తకాల్లో అచ్చువేసి, పెద్ద పెద్ద డాక్టర్లు ఇరవై ఏళ్ళపాటు దేశదేశాలు తిప్పారంటే నమ్ముతారా? నమ్మాలి మరి. ఆ కథే ఇవ్వాళ మీతో చెప్పబోతున్నాను.

కథకు ముందు కాస్త ఊళ్ళ సంగతి. మాది బోయినపల్లి వైపు. ఈ మాట హైదరాబాదులో అన్నానా, వెంటనే 'ఓల్డా, న్యూవా?' అని అడుగుతారు. ఓల్డూ కాదు, న్యూ కాదు, మాది వేములవాడ దగ్గరి బోయినపల్లి. మొన్నమొన్నటి దాకా కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీశాక రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది. మిడ్ మానేరు జలాశయం కట్టింది మా మండలంలోని మాన్వాడ దగ్గరే. రెండో బోయినపల్లి సికింద్రాబాదులో ఉంది. కూరగాయల మార్కెట్టుకు పేరుపడ్డది అదే. ఈ రెండింటికీ మధ్య దూరం దాదాపు 150 కిలోమీటర్లు. పేరు తప్ప వీటికి చుట్టరికం ఏమీ లేదనుకునేదాన్ని, ఒకసారి బస్సులో ఒక తల్లి కనపడేదాకా.

వేములవాడ నుంచి జూబ్లీ బస్టాండుకు వెళ్ళే బస్సు అది. ఆమె ఒళ్ళో ఏడేళ్ళ బాబు. రెండు చెవులూ గట్టిగా మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా కెవ్వుమంటున్నాడు. వెనక సీటులోంచి ఒక పెద్దమనిషి, "ఏం పెంచినవమ్మా పిల్లగాన్ని? రెండు సరిస్తే సక్కగైతడు" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. కొంగుతో పిల్లవాడి చెవుల మీద ఇంకో చేయి కప్పింది. కాసేపయ్యాక నాతో మెల్లగా, "వానికి సప్పుడు పడదక్కా. అందరు నన్నే అంటరు. మా ఆయన దుబాయిల ఉంటడు. ఫోన్ల ఆయన గూడ, ఇంటికాడ ఉండి నువ్వేం జేస్తున్నవు అంటడు" అంది. ఎక్కడికి పోతున్నావని అడిగితే, "బోయినపల్లికి" అంది. ఈ బోయినపల్లి నుంచి ఆ బోయినపల్లికి! అక్కడ మనోవికాస్ నగర్‌లో ఇట్లాంటి పిల్లలను చూసే పెద్ద కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఆ బాబుకు ఉన్నదాన్ని ఆటిజం అంటారు. అది జ్వరం లాంటి జబ్బు కాదు, మందు వేస్తే తగ్గడానికి. పుట్టుకతో మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. కొందరికి మాట ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానే రాదు. కొందరు గలగలా మాట్లాడతారు గాని ఎదుటివాళ్ళ మనసు పట్టుకోలేరు. పిలిస్తే పలకరు, కళ్ళలోకి చూడరు. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తారు. పళ్ళెం చోటు మారినా, బడికి వెళ్ళే దారి మారినా తల్లడిల్లిపోతారు. మనకు మామూలుగా వినిపించే చప్పుడు వాళ్ళకు చెవిలో ఉరుము. సిరిసిల్లలో మరమగ్గాల్ని సాంచెలంటారు. పగలూ రాత్రీ ఆడే ఆ సాంచెల మధ్య ఇట్లాంటి పిల్లవాడు పెరగడమంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇదేదో ఎక్కడో ఒకరికి వచ్చేదనుకునేరు. మన దేశంలో హైదరాబాదుతో సహా అయిదు చోట్ల పిల్లల్ని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో దాదాపు నూటికి ఒకరికి ఆటిజం ఉంది.

'ఆటోస్' అంటే గ్రీకు భాషలో 'తాను' అని అర్థం. తనలో తాను ఉండిపోవడం అన్నమాట. స్విట్జర్లాండు డాక్టరు బ్లాయిలర్ 1911లో వేరే మానసిక రోగం గురించి రాస్తూ ఈ మాట వాడాడు. గ్రున్యా సుఖరేవా అనే రష్యన్ లేడీ డాక్టరు 1926లో జర్మన్ పత్రికలో ఆరుగురు మగపిల్లల గురించి రాసింది. ఇప్పుడు చదివితే అచ్చంగా ఆటిజమే. కాని ఆడమనిషి చెప్పినందుకో, రష్యా నుంచి చెప్పినందుకో, చాలాకాలం ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్ళే లేరు. పేరు మాత్రం అమెరికాలో బాల్టిమోరు నగరంలోని లియో కానర్ అనే డాక్టరుకు దక్కింది.

1938లో ఆయన దగ్గరికి మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరి నుంచి డోనాల్డ్ అనే అయిదేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. తండ్రి వకీలు. రాకముందే కొడుకు సంగతంతా 33 పేజీల ఉత్తరంగా టైపు కొట్టించి పంపించాడు. ఏం తింటాడు, దేనికి భయపడతాడు, ఏ వస్తువును గిరగిరా తిప్పుతాడు, అన్నీ అందులో ఉన్నాయి. కానర్ పాఠాలు నేర్చుకున్నది ఆ ఉత్తరం నుంచే అనాలి. 1943లో ఆయన డోనాల్డ్‌తో సహా 11 మంది పిల్లల మీద వ్యాసం రాశాడు. ఎనమండుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఇది పుట్టుకతో వచ్చిందేనని అందులో సరిగ్గానే చెప్పాడు. కాని చివర ఒక మాట చేర్చాడు. ఈ పిల్లల తల్లిదండ్రుల్లో మనసారా ఆప్యాయత చూపేవాళ్ళు బహు తక్కువ అని. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

1949 వచ్చేసరికి ఆ మాట ముదిరింది. ఈ పిల్లలను తల్లిదండ్రులు మంచు కరగని ఫ్రిజ్‌లో పెట్టి పెంచినట్టు పెంచారని కానర్ రాశాడు. అప్పటికి మన ఇళ్ళల్లో ఫ్రిజ్ అంటే ఏమిటో తెలియదు, చల్లని నీళ్ళు కావాలంటే కుండే గతి. ఫ్రిజ్ కంటే ముందు దాని పేరుతో నింద పుట్టిందన్నమాట! ఆ తరువాత ఆ నిందకు 'రిఫ్రిజిరేటర్ మదర్' అని పేరే స్థిరపడింది. గమనించారా? కానర్ రాసింది తల్లిదండ్రులని. లోకం వాడుకలోకి వచ్చేసరికి తండ్రి జారిపోయి తల్లి ఒక్కతే మిగిలింది. మన సామెత అమెరికాకు ఏ ఓడలో వెళ్ళిందో!

షికాగోలో బ్రూనో బెటెల్‌హైం అని ఇంకొకాయన ఉండేవాడు. హిట్లరు నిర్బంధ శిబిరాల్లో బాధలు పడి అమెరికా చేరిన మనిషి. ఆ శిబిరాల్లోని ఖైదీలకూ ఈ పిల్లలకూ పోలిక తెచ్చాడు. శిబిరంలో కాపలావాళ్ళ క్రూరత్వానికి ఖైదీ ఎట్లా తనలోకి తాను ముడుచుకుపోతాడో, తల్లి అయిష్టానికి బిడ్డ అట్లా ముడుచుకుపోతాడట. 1967లో ఆయన రాసిన పుస్తకాన్ని జనం ఎగబడి చదివారు. వైద్యం ఏమిటయ్యా అంటే, బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీసి తన బడిలో పెట్టడం! రాత్రంతా నిద్రపోని బిడ్డను భుజాన వేసుకుని తిరిగిన తల్లికి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తే దొరికిన సమాధానం ఇది.

ఇంతకీ అంత చదువుకున్నవాళ్ళు అంత పొరపాటు ఎట్లా పడ్డారు? నాకు తోచిన కారణాలు రెండు. మొదటిది, ఆ రోజుల్లో బాల్టిమోరులో పెద్ద డాక్టరు దాకా రాగలిగినవాళ్ళు డబ్బూ చదువూ ఉన్నవాళ్ళే. బిడ్డ గురించి వేళలు వేసి కాగితం మీద రాసుకొచ్చేవాళ్ళు వాళ్ళే. డాక్టరు గదిలోకి చదువుకున్నవాళ్ళే వస్తుంటే, ఇది చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లోనే ఉందనుకున్నారు. రెండోది ముఖ్యమైనది. ఏళ్ళ తరబడి నిద్ర లేని మనిషి మొహం ఎట్లా ఉంటుంది? పిలిచి పిలిచి పలకని బిడ్డ దగ్గర గొంతు ఎట్లా ఉంటుంది? బండబారినట్టే ఉంటుంది. ఆ అలసటను డాక్టర్లు చూశారు. బిడ్డ స్థితి వల్ల తల్లికి వచ్చిన ఒత్తిడిని, తల్లి వల్ల బిడ్డకు వచ్చిన జబ్బుగా తిప్పి చదివారు. పొగ వల్లే నిప్పు పుట్టిందన్నట్టు!

ఈ చదువును సరిదిద్దింది మళ్ళీ తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్లాండ్ అమెరికా నౌకాదళంలో పనిచేసే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆయన కొడుకు మార్క్‌కు ఆటిజం. ఇంట్లో భార్యను చూస్తున్నాడు, బయట శాస్త్రం చెప్పేది వింటున్నాడు, రెండింటికీ పొంతన కుదరలేదు. దొరికిన రాతలన్నీ చదివి, ఇది శరీరానికి సంబంధించినదే గాని తల్లి ప్రేమకు సంబంధించినది కాదని 1964లో పుస్తకం రాశాడు. విశేషమేమిటంటే ఆ పుస్తకానికి ముందుమాట రాసింది కానరే! పుస్తకం చివర ఒక ప్రశ్నపత్రం చేర్చాడు. దాన్ని నింపి దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు ఆయనకు పంపించారు. అట్లా కలిసినవాళ్ళతో 1965లో ఒక సంఘం ఏర్పడింది. ఇంగ్లండులో అంతకుముందే 1962లో తల్లిదండ్రులు సంఘం పెట్టుకున్నారు. అందులో ఒకామె లోర్నా వింగ్. తనే డాక్టరు, తనే ఆటిజం ఉన్న బిడ్డకు తల్లి. బెటెల్‌హైం పుస్తకం వచ్చిన 1967లోనే క్లారా పార్క్ అనే అమెరికా అధ్యాపకురాలు తన కూతురును పెంచిన కథ రాసింది. ఫ్రిజ్ లాంటి తల్లి ఇంత శ్రద్ధగా ఎట్లా పెంచుతుందో డాక్టర్లే జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

1969లో వాషింగ్టన్‌లో ఆ తల్లిదండ్రుల సభ జరిగింది. దానికి కానర్‌ను పిలిచారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. మిమ్మల్ని తల్లిదండ్రులుగా నిర్దోషులని ప్రకటిస్తున్నానని ఆయన నిండు సభలో అన్నాడు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకైతే ఆ చప్పట్లలో సంతోషంతో పాటు ఇంకేదో కూడా వినిపిస్తుంది. చేయని నేరానికి ఇరవై ఏళ్ళు శిక్ష అనుభవించి బయటికి వచ్చిన మనిషి చప్పట్లు కొడితే అట్లాగే ఉంటుంది. 1977లో లండన్‌లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అనే డాక్టర్లు 21 జతల కవలలను పరీక్షించారు. ఒకే పోలికగా పుట్టిన 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు వేరు పోలికలతో పుట్టిన 10 జతల్లో ఒక్కదానిలో కూడా ఇద్దరికీ లేదు. ఒకే తల్లి, ఒకే పెంపకం. తేడా నెత్తురులో ఉంది గాని ఒడిలో లేదని తేలిపోయింది.

మరి మన దగ్గర? మన వైపు ఎవరూ బెటెల్‌హైం పుస్తకం చదవలేదు. చదవకుండానే అదే తీర్పు చెప్పారు. 'గ్రహణం నాడు కదిలినవా?', 'కడుపుతో ఉండంగ ఏం తిన్నవు?', 'ఏ జన్మల ఏం పాపం జేసినవో బిడ్డా!' వకీలు లేని కోర్టు ఇది, ముద్దాయి కూడా తల్లే. మా వైపు ఇట్లాంటి పిల్లలను వేములవాడ రాజన్న దగ్గరికి తీసుకెళ్ళి కోడె మొక్కు చెల్లిస్తారు. జగిత్యాల దారిలో కొండగట్టు అంజన్న దగ్గర మతి చెదిరినవాళ్ళను నలభై రోజులు ఉంచితే బాగవుతుందని ఒక నమ్మకం. ఆటిజం మొక్కులతో పోయేది కాదు. ఆ మాట దాచకుండా చెప్పాలి. అయినా ఆ తల్లులను నేను తప్పు పట్టను. చుట్టూ వంద కిలోమీటర్లలో 'నీ బిడ్డకు ఇదమ్మా' అని చెప్పే మనిషి లేనప్పుడు ఆమె ఎవరిని అడగాలి? పైగా ఆ కొండ మీద తనలాంటి తల్లులు ఇంకో పదిమంది కనపడతారు. ఇంట్లో లేని తోడు అక్కడ దొరుకుతుంది. బాల్టిమోరు డాక్టరు ఇవ్వలేనిది అదే కదూ!

ఇక ఆ రెండో బోయినపల్లి సంగతి. హైదరాబాదులో మందబుద్ధి పిల్లల కోసం 1968లోనే ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలైంది. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించాక మన ప్రభుత్వాల్లోనూ కొంత కదలిక వచ్చింది. 1984లో సికింద్రాబాదు బోయినపల్లిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను స్థాపించింది. ఆ ఆవరణకే మనోవికాస్ నగర్ అని పేరు. తరువాత పేరు మార్చి ఎన్ఐఈపీఐడీ అన్నారు. పలకడానికి నోరు తిరగదు గాని పని పాతదే. అక్కడ డి.కె. మీనన్ డైరెక్టరుగా ఉన్న కాలంలో, రీటా పేషావరియా మొదలైనవాళ్ళు ఒక కొత్త పని చేశారు. పిల్లవాణ్ణి పరీక్షించి పంపేయకుండా తల్లిదండ్రులను కూర్చోబెట్టి, 'మీకేం కావాలి?' అని అడగడానికి ప్రశ్నావళి తయారుచేశారు. భారతీయ కుటుంబాల మీద 1995లో పుస్తకమే వేశారు. తల్లిని ముద్దాయిగా చూడకుండా సాక్షిగా పిలిచారన్నమాట.

అప్పటికి ఆటిజానికి మన చట్టంలో చోటు లేదు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉన్నాయి. గుడ్డితనం, చెవుడు, మందబుద్ధి అన్నీ ఉన్నాయి గాని ఆటిజం లేదు. పిల్లవాడికి మందబుద్ధి అని రాస్తేనే కాగితం, లేకపోతే లేదు. ఇక్కడ కూడా దారి చేసింది తల్లులే. ఢిల్లీలో మెరీ బారువా అనే తల్లి తన కొడుకు కోసం తిరిగి తిరిగి, చివరకు 1991లో 'యాక్షన్ ఫర్ ఆటిజం' సంస్థ పెట్టింది. 1995లో దేశంలోని తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి 'పరివార్' అయ్యాయి. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం పేరులోనే ఆటిజం అన్న మాట మొదటిసారి ఎక్కింది. 2009లో బోయినపల్లి సంస్థ 40 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేసింది. దేశంలో ఏ మూల ఆటిజం సర్టిఫికెట్టు ఇవ్వాలన్నా దానితోనే లెక్క వేయాలని 2016లో ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడు వచ్చిన కొత్త చట్టంలో 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటైంది. చూశారా, దేశమంతా కొలిచే కొలపాత్ర మన బోయినపల్లిదే!

కాగితాలు వచ్చాయి సరే, ఇంట్లో రోజు ఎట్లా గడుస్తుంది? కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు వాకిళ్ళు చూస్తే తెలుస్తుంది. ఆడవాళ్ళ ఒళ్ళో చాట, చాటలో తునికాకు. బీడీలు చేసిన లెక్కకే కూలి. చేయి ఆగితే డబ్బు ఆగుతుంది. పక్కనే కూర్చోక, చెప్పింది వినక, గేటు తీసుకుని రోడ్డు మీదికి ఉరికే పిల్లవాడు ఉంటే ఆ చేయి ఎన్నిసార్లు ఆగుతుంది? మొగుడు గల్ఫులో. అక్కడాయన లేబర్ క్యాంపులో ఎనిమిదిమంది మధ్య మంచం మీద పడుకుని, ఫోన్లో కొడుకు గొంతు కోసం ఎదురుచూస్తాడు. 'నాయినా' అన్న ఒక్క పిలుపు రాదు. ఆయన బాధ కోపమై ఈమె మీద పడుతుంది. ఈమె బాధ పడడానికి చోటు లేదు. పెళ్ళికి వెళ్తే పిల్లవాడు గోల చేస్తాడని వెళ్ళదు. క్రమంగా పిలుపులే ఆగిపోతాయి. పెద్దకూతురుకు సంబంధం చూడాలంటే 'ఆ ఇంట్ల పిల్లగాడు గట్లున్నడట' అనే మాట అడ్డం వస్తుంది. వీటన్నిటి కింద రాత్రిపూట లేచే ఒక్క ప్రశ్న: 'మా తరువాత వీణ్ణి ఎవరు చూస్తారు?'

ఈ ఒత్తిడిని కూడా కొలిచారు. 1983లో రిచర్డ్ అబిడిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తల్లిదండ్రుల ఒత్తిడిని లెక్కించే ప్రశ్నపత్రం తయారుచేశాడు. దానితో ఎన్ని దేశాల్లో అడిగినా ఆటిజం పిల్లల తల్లిదండ్రుల లెక్కే ఎక్కువ వచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్షా సెల్ట్‌జర్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. యుక్తవయసు, ఆపై వయసున్న ఆటిజం బిడ్డల తల్లుల లాలాజలంలో, ఒత్తిడి వేళ శరీరం విడుదల చేసే కార్టిసోల్ అనే రసాయనాన్ని పరీక్షించింది. ఉండవలసిన దానికన్నా తక్కువగా ఉంది. ఎడతెగని ఒత్తిడికి శరీరం అలవాటు పడి, ఇక స్పందించడమే మానుకుంటుందట. యుద్ధరంగంలో ఉన్న సిపాయిల్లోనూ ఇట్లాగే కనపడుతుందట. అంటే, ఆ బస్సులో కొంగు కప్పుకున్న ఆమె ఒక సిపాయి. కాకపోతే ఈ సిపాయికి సెలవు లేదు, పతకం లేదు, పైగా వెనక సీటు నుంచి తిట్లు.

ఫ్రిజ్ నింద పోయింది కదా అని సంతోషిద్దామా అంటే అది వేషం మార్చుకుని మళ్ళీ వచ్చింది. 1998లో లండన్‌లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద వ్యాసం రాసి, తట్టు టీకా వల్ల ఆటిజం వస్తుందేమోనని అనుమానం లేవనెత్తాడు. టీకా వేయించింది ఎవరు? తల్లే! 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని రద్దుచేసింది, ఆయన డాక్టరు పట్టా పోయింది. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2019లో టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని తేల్చారు. ఇప్పుడు కొత్త మాట: 'సెల్‌ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది, అందుకే వాడికి మాట రాలేదు.' చంటిపిల్లలకు ఫోన్ మంచిది కాదు, నిజమే. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలే వద్దని, 2 నుంచి 4 ఏళ్ళ వారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ తగ్గించి, కబుర్లు పెంచితే ఏ బిడ్డకైనా మేలే. కాని ఫోన్ లేని 1938లో డోనాల్డ్‌కు ఆటిజం ఎట్లా వచ్చింది? ఫ్రిజ్ పోయి ఫోన్ వచ్చింది, మధ్యలో తల్లి మాత్రం మారలేదు.

అయితే చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. 2015లో వెలువడిన ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. మన గోవాలోనూ పాకిస్తాన్ రావల్పిండిలోనూ 65 మంది ఆటిజం పిల్లలతో చేశారు. డాక్టర్లు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపారు. వాళ్ళు బిడ్డకు పాఠం చెప్పలేదు. బిడ్డ ఎటు చూస్తే తల్లి అటు చూడడం, బిడ్డ దేనితో ఆడితే దానితోనే కలిసి ఆడడం తల్లిదండ్రులకు నేర్పించారు. తల్లీబిడ్డల మధ్య మాటా మంచీ పెరిగింది. మా మండలాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలని పెట్టారు. నేషనల్ ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. బిడ్డకు 18 దాటాక సంరక్షకుణ్ణి నియమించడానికి జిల్లా కలెక్టరు ఉన్న కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 'మా తరువాత ఎవరు' అన్న ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు, కాని జవాబు మొదలయ్యే చోటు. మీ ఎరుకలో ఇట్లాంటి తల్లి ఉంటే ఈ నాలుగు ముక్కలూ ఆమె చెవిన వేయండి.

చివరగా ఆ డోనాల్డ్ ఏమయ్యాడో చెప్పాలి. మూడేళ్ళ వయసులో డాక్టర్ల సలహా మీద తల్లిదండ్రులు వాణ్ణి దూరంగా ఒక సంస్థలో వదిలేశారు. దాదాపు ఏడాది తరువాత మనసొప్పక, వద్దన్నా వినకుండా వెనక్కి తెచ్చుకున్నారు. ఆ తరువాతే కానర్ దగ్గరికి వెళ్ళారు. డోనాల్డ్ పెరిగి పెద్దవాడై డిగ్రీ చదివాడు. సొంత ఊళ్ళో బ్యాంకులో పనిచేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. తల్లిదండ్రులు పోయి దశాబ్దాలైనా ఆయన దిక్కులేనివాడు కాలేదు. డబ్బున్న ఇల్లే, కాదనను. కాని డబ్బొక్కటే కాదు. ఆ చిన్న ఊరు ఆయన్ను తనవాడనుకుంది. ఇతను ఇంతే, ఇట్లాగే మాట్లాడతాడు, మనవాడే అనుకుంది. తల్లి మోయవలసిన బరువును ఊరు తలా కాస్త పంచుకుంది.

బోయినపల్లి కూడా చిన్న ఊరే. మీ ఊరూ, మీ వీధీ అంతకన్నా పెద్దవి కావు. 1969లో వాషింగ్టన్ సభలో చెప్పిన తీర్పును మళ్ళీ చెప్పడానికి పెద్ద డాక్టరు అక్కర్లేదు, మనం చాలు. పక్కింటి గడప దాకా నడిచి, "నీ తప్పేం లేదు బిడ్డా. పిల్లగాన్ని జరసేపు నేను జూస్త, నువ్వు నడుం వాల్చు" అంటే సరిపోతుంది.